రెండో ప్రొపెల్లర్ ఎక్కడుంది?

విశాఖపట్నంలో ఓడలు మరమ్మతు చేసే ఒక వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ప్యాటర్న్ మేకర్‌గా పనిచేశాను. పోత పోయబోయే వస్తువుకు ముందుగా చెక్కతో చేసే నమూనాయే ప్యాటర్న్. దాన్ని పెట్టెలో పెట్టి చుట్టూ ఇసుక పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, మెల్లగా పైకి తీస్తే అదే ఆకారంలో గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. పంపు లోపల తిరిగే ఇంపెల్లరైనా, వాల్వు బాడీ అయినా పుట్టేది ఇలాగే. మా దగ్గర స్కేలు కూడా వేరు. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి, ఆ లెక్క ముందే కలిపి గీతలు గీసిన స్కేలు వాడతాం. మామూలు స్కేలు పక్కన పెడితే మాది మీటరుకు ఒక సెంటీమీటరుకు పైగా పొడుగు.

మన నౌకాదళానికి అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఉండాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. రాబోయే పదిహేనేళ్ల అవసరాల గురించి రక్షణ శాఖ 2025లో విడుదల చేసిన పత్రంలో కూడా విమానవాహక నౌకకు అణు చోదకశక్తి ప్రస్తావన ఉంది. పేపర్లో ఆ వార్త చదివిన రోజున నాకు రియాక్టరు గుర్తుకు రాలేదు. ఫ్రాన్స్ వాళ్ల ఓడలో విరిగిన ఒక ప్రొపెల్లర్ గుర్తొచ్చింది.

ఆ ఓడ పేరు షార్ల్ ద గోల్. అమెరికా కాకుండా అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఉన్న దేశం ఫ్రాన్స్ ఒక్కటే, ఆ దేశానికి ఉన్నదీ ఈ ఒక్క ఓడే. 42,500 టన్నులు, రెండు రియాక్టర్లు. 1989లో పని మొదలుపెట్టి, డబ్బు చాలక ఆగుతూ సాగుతూ కట్టారు. 2000 నవంబరులో, ఇంకా నౌకాదళంలో పూర్తిగా చేరకముందే, పరీక్షల కోసం అట్లాంటిక్ దాటి అమెరికాలోని నార్ఫోక్‌కు బయల్దేరింది. 9వ తేదీ రాత్రి నడిసముద్రంలో ఎడమ వైపు ప్రొపెల్లర్ విరిగింది. రియాక్టర్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఏళ్లకు సరిపడా ఇంధనం కడుపులో ఉంది. అయినా ఓడ వెనక్కి తిరిగి తూలాన్ రేవుకు రావలసి వచ్చింది.

విచారణలో తేలిందేమిటంటే, రాగి అల్యూమినియం కలిపిన ఆ పోతలో నడిమి భాగం దగ్గర బుడగలున్నాయి. నా పనిలో ఉన్నవాడికి ఈ ఒక్క మాటతో కళ్ల ముందు బొమ్మ కట్టేస్తుంది. ప్రొపెల్లర్ రెక్కలు అంచుల దగ్గర పలచన, నడిమి బొడ్డు దగ్గర మందం. పలచని చోట లోహం ముందు గట్టిపడుతుంది, మందంగా ఉన్న చోట ఆఖరున. ఆఖరున చల్లారే చోటికి పైనుంచి కొత్త లోహం అందకపోయినా, లోపల చిక్కిన గాలి బయటికి పోయే దారి లేకపోయినా అక్కడే గుల్లతనం దాక్కుంటుంది. పైన రుద్ది మెరుగుపెడితే అద్దంలా కనిపిస్తుంది. మా పెద్ద మేస్త్రీ పోత చల్లారాక చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గరపెట్టి వినేవాడు. తర్వాత రోజుల్లో అల్ట్రాసోనిక్ యంత్రాలు వచ్చాయి. సుత్తితో వినాలన్నా యంత్రంతో చూడాలన్నా దానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి తొందర పెట్టని పై అధికారి ఉండాలి.

ఇక్కడివరకు జరిగింది ఏ దేశంలోనైనా జరిగే తప్పే. నన్ను కుదిపేసింది దాని తర్వాతి సంగతి. ఆ ప్రొపెల్లర్ పోసిన కంపెనీ అప్పటికే మూతపడింది. నాణ్యత తనిఖీ ఎలా జరిగిందో చూడాలని రక్షణ మంత్రి విచారణకు ఆదేశించారు, కొద్ది రోజులకే ఆ కంపెనీ రికార్డులు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. పోసినవాళ్లూ లేరు, కాగితాలూ లేవు. ఫ్రాన్స్ లాంటి దేశం, సొంతంగా రియాక్టర్లు చేసుకునే దేశం, ఒక కొత్త ప్రొపెల్లర్ వెంటనే తెచ్చుకోలేకపోయింది. చివరికి పాత విమానవాహక నౌకలు క్లెమెన్సో, ఫోష్‌ల కోసం దాచిన స్పేర్ ప్రొపెల్లర్లు తెచ్చి బిగించారు. వేరే ఓడకు, వేరే బరువుకు లెక్కగట్టి చేసినవి. దాంతో 27 నాట్ల వేగంతో పోవలసిన ఓడ 24, 25 దగ్గర ఆగిపోయింది. 2001 డిసెంబరులో అఫ్గానిస్తాన్ యుద్ధం కోసం అరేబియా సముద్రానికి వచ్చింది కూడా ఆ అరువు కాళ్లతోనే. దాని సొంత ప్రొపెల్లర్లు 2007లో మొదలై 2008 చివర దాకా సాగిన పెద్ద మరమ్మతులో గానీ రాలేదు. అంటే ఏడేళ్ల పైమాటే.

ప్రొపెల్లర్ విరిగిన నెలలోనే ఫోష్‌ను ఫ్రాన్స్ బ్రెజిల్‌కు అప్పగించేసింది. క్లెమెన్సో కథ మనకు తెలిసిందే. తుక్కు చేయడానికి గుజరాత్‌లోని అలంగ్‌కు లాక్కొస్తుంటే అందులోని ఆస్‌బెస్టాస్ మీద గొడవ లేచి, మన సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2006 ఫిబ్రవరిలో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ దాన్ని వెనక్కి పిలిపించుకున్నారు. ఆ రోజుల్లో మా వర్క్‌షాపులో అందరూ దాని విషం గురించే మాట్లాడుకున్నారు. నేను మాత్రం ఆ ముసలి ఓడ కోసం ఎవరో ముందుచూపుతో పోయించి గోడౌన్‌లో భద్రపరిచిన స్పేరు గురించి ఆలోచించాను. అది దాచినవాడి పేరు ఎక్కడా రాయలేదు. అణునౌక పరువు నిలబెట్టింది ఆ మనిషే.

నాకు ఇది ఇంతగా పట్టడానికి సొంత కారణం కూడా ఉంది. మా షెడ్డు వెనక అటక మీద టేకు, మామిడి చెక్కతో చేసిన నమూనాలు నాలుగు వందలకు పైగా ఉండేవి. ఒక్కోదాని మీద రంగుతో అంకె, ఏ ఓడదో, ఏ పంపుదో. కొన్ని మా మేస్త్రీ చేసినవి, చాలా నావి. కొత్త యంత్రానికి చోటు కావాలని ఒక వేసవిలో, నేను సెలవులో ఉండగా, వాటిని వంటచెరకు లెక్కన తూకానికి అమ్మేశారు. తిరిగొచ్చి అడిగితే స్టోరు గుమస్తా, “ఏటి మేస్త్రీ గారూ, చెదలు పట్టిన చెక్కలకి ఇంత ఇదైపోతే ఎలాగండీ?” అన్నాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన కాగితం ప్రకారం చేశాడు.

రెండేళ్లు గడిచాక ఒక డ్రెడ్జరు వచ్చింది. సముద్రపు నీటితో ఇంజను చల్లబరిచే పంపులో గన్‌మెటల్ ఇంపెల్లర్ పాడైంది. దాని నమూనా అమ్మేసినవాటిలో ఉంది. పంపు చేసిన కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో ఆపేసింది. డ్రాయింగు లేదు. చేతిలో ఉన్నది ఉప్పునీరు తినేసిన పాత ఇంపెల్లర్ ఒక్కటే, రెక్కల అంచులు ఎలకలు కొరికిన చపాతీల్లా ఉన్నాయి. అరిగినదాన్ని కొలిచి కొత్తది చేస్తే అరుగుదల కూడా కొలతలోకి వచ్చేస్తుంది. కాబట్టి కొత్తగా ఉన్నప్పుడు ఎంత మందం ఉండేదో ఊహించాలి. అన్నిటికన్నా తక్కువ అరిగిన రెక్క చూసుకుని, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, పోగొట్టుకున్న ముక్కను మైనంతో నింపి, దాన్నుంచి చెక్కలోకి దిగాను. మొదటి పోత తిప్పి చూస్తే బరువు ఒక పక్కకే లాగింది. పక్కన పారేసి మళ్లీ పోశాం. నలభై ఒక్క రోజులు పట్టింది. నమూనా ఉండి ఉంటే వారం పని. ఆ నలభై ఒక్క రోజులూ డ్రెడ్జరు జెట్టీకి కట్టేసి ఉంది, దాని మీది మనుషులు రోజూ వచ్చి మా షెడ్డు గుమ్మంలో నిలబడేవాళ్లు.

డ్రెడ్జరుకే అలా అయితే, అయిదు వేల మంది బతికే ఓడ సంగతి చూడండి.

అమెరికా విమానవాహక నౌకల్లో అన్నిటికన్నా కొత్తది జెరాల్డ్ ఆర్. ఫోర్డ్. దాదాపు 1,300 కోట్ల డాలర్ల ఓడ. 2017 జులైలో నౌకాదళంలో చేరింది. మందుగుండు పైకి తెచ్చే లిఫ్టులు పదకొండు ఉంటే, ఆ రోజుకు ఒక్కటీ పనిచేయలేదు. పదకొండోది అప్పగించేసరికి 2021 డిసెంబరు. ఈలోగా ఫోర్డ్‌కు విడిభాగాలు అందక, పక్కన ఇంకా కడుతూ ఉన్న రెండో ఓడ జాన్ ఎఫ్. కెనెడీ నుంచి పీకి తెచ్చి బిగించారు. ఏం పీకారో విమానవాహక నౌకల కార్యక్రమం చూసే అడ్మిరలే 2021లో చెప్పారు: మోటార్లు, విద్యుత్ సరఫరా యూనిట్లు, చిన్న పంపులు, లిమిట్ స్విచ్‌లు, వాల్వులు తిప్పే యాక్చుయేటర్లు. ఈ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. ఇందులో రియాక్టరు లేదు, రాడార్ లేదు. లిమిట్ స్విచ్ అరచేతిలో ఇమిడిపోతుంది.

ఒకదానిలోంచి తీసి ఇంకోదానికి పెట్టడం రేవు పని తెలిసిన వాళ్లందరికీ అలవాటే. అర్ధరాత్రి ఓడ కదలాలంటే మేమూ చేశాం. కానీ ఆ పనికి ఖర్చు రెట్టింపు. ఇక్కడ ఊడదీయాలి, అక్కడ బిగించాలి, మళ్లీ ఇక్కడికి కొత్తది వచ్చాక బిగించాలి. ఊడదీసేటప్పుడు గాస్కెట్ చిరుగుతుంది, బోల్టు మర తెగుతుంది. కెనెడీ అప్పగింత ఇప్పుడు 2027 మార్చికి జరిగింది. దాని తర్వాతిది, ఎంటర్‌ప్రైజ్ పేరుతో కడుతున్నది, 2028లో రావలసింది 2030 జులైకి పోయింది. సరుకు సమయానికి అందకపోవడం, సరఫరాదారులు వెనకబడటం దానికి కారణమని నౌకాదళమే రాసుకుంది.

ఫోర్డ్‌లో ఇంకో సంగతి నాకు బాగా నొప్పి కలిగించింది. విమానాలను ఆవిరితో కాకుండా విద్యుదయస్కాంత శక్తితో విసిరే కొత్త కాటపుల్టులు అందులో ఉన్నాయి. ఒకటి పాడైతే దానికి మాత్రం కరెంటు ఆపి, మిగతావి నడుపుతూ మరమ్మతు చేసుకునే వీలు సరిగా లేదని అమెరికా రక్షణ శాఖ పరీక్షల విభాగం ఏళ్ల తరబడి రాస్తూ వచ్చింది. నాలుగింట్లో ఒకటి పాడైనా మూడు మిగులుతాయన్న ధైర్యమే ఓడకు బలం. డ్రాయింగు గీసేటప్పుడు పానా పట్టుకుని కింద కూర్చునేవాడిని ఎవరూ పిలిచి అడగలేదని అర్థం. మరుగుదొడ్ల గొట్టాలు కూడా అంతే. అవి పూడుకుపోతుంటే ఆమ్లంతో కడగాలని, ఒక్కోసారి కడగడానికి నాలుగు లక్షల డాలర్ల ఖర్చని వాళ్ల ఆడిట్ సంస్థ 2020లో లెక్క చెప్పింది.

అణునౌక గురించి మాట్లాడేవాళ్లు పాతికేళ్లు ఇంధనం నింపనక్కర్లేదని గొప్పగా చెబుతారు. నిజమే, నిమిట్జ్ తరగతి ఓడలకు యాభై ఏళ్ల జీవితంలో ఒకేసారి ఇంధనం మారుస్తారు. కానీ రియాక్టరు చేసేది నీటిని కాచడం. ఆ వేడితో పుట్టిన ఆవిరి టర్బైన్లు తిప్పాలి, కండెన్సర్లో చల్లబడాలి, పంపులు దాన్ని మళ్లీ వెనక్కి తోయాలి. ఆ దారి పొడవునా సీళ్లు, బేరింగులు, గ్లాండ్ ప్యాకింగులు. వాటికి పాతికేళ్ల ఆయుష్షు ఎవరూ ఇవ్వలేదు. రబ్బరు రింగు అయితే వాడకపోయినా, పెట్టెలో ఉండగానే ముసలిదైపోతుంది. ఇంధనం ఉన్నంతకాలం ఓడ సముద్రం మీద ఉండాలని ఆశ పెరుగుతుంది కాబట్టి, ఈ చిన్నవాటి మీద బరువు ఇంకా ఎక్కువ పడుతుంది.

జార్జి వాషింగ్టన్ అనే ఓడ ఆ ఇంధనం మార్పిడికి, పెద్ద మరమ్మతుకు 2017 ఆగస్టులో న్యూపోర్ట్ న్యూస్ యార్డుకు వెళ్లింది. నాలుగేళ్లన్నారు. బయటికి వచ్చింది 2023 మేలో. మనుషులు ఆ యార్డులోనే, డ్రిల్లింగు చప్పుళ్ల మధ్య, కరెంటూ వేడినీళ్లూ సరిగా లేని ఓడలోనే ఉండవలసి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఒకే వారంలో ముగ్గురు నావికులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మూడు మరణాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదని మొదటి విచారణ చెప్పింది. యార్డులో బతుకు పరిస్థితులు బాగాలేవని తర్వాతి విచారణ ఒప్పుకుంది. మరమ్మతు ఆలస్యమంటే క్యాలెండర్‌లో గీత జరపడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. దాని తర్వాత వెళ్లిన జాన్ సి. స్టెనిస్ బయటికి రావడం కూడా 2025 ఆగస్టు నుంచి 2026 అక్టోబరుకు జరిగింది. విప్పి చూస్తే ఆవిరి టర్బైన్లలో ఊహించని దెబ్బలు కనబడ్డాయి.

పాత ఎంటర్‌ప్రైజ్ 1961 నుంచి 2012 దాకా పనిచేసింది. ఎనిమిది రియాక్టర్లు, ఆ తరగతిలో అదొక్కటే ఓడ. తోబుట్టువు లేని ఓడకు విడిభాగం కావాలంటే ఎవరి దగ్గరా ఉండదు. చివరి రోజుల్లో వాళ్ల మెషీన్ షాపులోనే తిప్పి చేసుకున్నవి ఎన్నో. అయినా దాని ముప్పై టన్నుల లంగరు ఒకటి తర్వాత అబ్రహాం లింకన్‌కు వెళ్లింది. లంగరు మాత్రం ఏ ఓడదైనా లంగరే కదా!

ఇప్పుడు మన ఇంటికి వస్తాను. 1971 యుద్ధంలో పాత విక్రాంత్‌ను తూర్పు తీరానికి తెచ్చినప్పుడు దాని బాయిలర్లో పగులుంది. వేగం తగ్గించి నడపాల్సిన ఓడ. దాన్ని ముంచాలని వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా విశాఖ దగ్గరే మునిగింది. ఆ దెబ్బతిన్న ఓడ మీద నుంచే మన విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఆ బాయిలర్ల దగ్గర నిలబడ్డ స్టోకర్లు ఎవరో మనకు తెలియదు. మా నాన్న ఆ డిసెంబరు రాత్రి పేలుడు చప్పుడు విన్నానని చనిపోయేదాకా చెప్పేవాడు.

రష్యాలో తిరిగి కట్టించిన విక్రమాదిత్య 2012లో పరీక్షలకు వెళ్తే, బాయిలర్లలో వేడి ఆపే ఇటుకలు పాడై ఎనిమిదింట్లో ఏడు మొండికేశాయి. ఇటుకలు! కొత్త విక్రాంత్‌కు ఉక్కు రష్యా నుంచి అందకపోతే, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ 249 అనే ఉక్కు తయారుచేసింది. సెయిల్ దాన్ని పలకలుగా చేసి ఇచ్చింది. ఆలస్యం చాలా అయింది, కానీ ఈ రోజు ఆ ఉక్కు కావాలంటే ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. అదే ఓడకు గేర్‌బాక్సులు ఆలస్యమయ్యాయి, రోడ్డు మీద తెస్తుండగా డీజిల్ జనరేటర్లున్న వాహనం ప్రమాదానికి గురైంది. ఇన్ని దాటుకుని 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరింది. దాన్ని కట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. డ్రాయింగులు ఉన్నాయి. వెల్డర్ల చేతులకు ఆ ఉక్కు అలవాటైంది.

అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను. మూడో విమానవాహక నౌక విక్రాంత్‌కు తోబుట్టువే కావాలి, అది వెంటనే మొదలుపెట్టాలి. ఒకే ఇంపెల్లర్ రెండు ఓడలకూ సరిపోవాలి, ఒకే నమూనా మీద రెండింటికీ పోత పోయాలి. అణునౌక వద్దనడం లేదు. జలాంతర్గాముల కోసం రియాక్టరు చేసుకున్న దేశం మనది, ఆ జలాంతర్గాములు కట్టిన అనుభవం మా ఊళ్లోనే ఉంది. కానీ ఒంటరి అణునౌక కట్టి, దానికి స్పేర్ల లెక్క తర్వాత చూసుకుందాం అంటే ఒప్పుకోలేను. ఉన్న ఒక్క ఓడ పెద్ద మరమ్మతుకు వెళ్లిన ప్రతిసారీ ఫ్రాన్స్‌కు విమానవాహక నౌకే లేకుండా పోయింది. 2038కి వాళ్లు తేదలచుకున్న కొత్త అణునౌకకు కాటపుల్టులు అమెరికా నుంచి కొంటున్నారు. రేపు వాటికి ఒక స్విచ్ కావాలంటే ఎవరిని అడగాలి?

ఇప్పుడు అంతా కంప్యూటరే, చెక్క నమూనాలు ఎవరికి కావాలి అని మా అబ్బాయే అంటాడు. వాడు చెప్పేది నిజం. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ నుంచి యంత్రం నేరుగా అచ్చు చెక్కేస్తుంది, నా నలభై ఒక్క రోజులు నాలుగు రోజులవుతాయి. కానీ ఆ బొమ్మ ఎవరి దగ్గర ఉంది? కొనుగోలు ఒప్పందంలో ఆ హక్కు రాయించుకోకపోతే అది అమ్మినవాడి అల్మారాలోనే ఉంటుంది. వాడు కంపెనీ మూసేస్తే ఆ అల్మారా కూడా పోతుంది. చెక్క నమూనా అయితే కనీసం అటక మీద కంటికి కనిపించేది.

పార్లమెంటు సభ్యులకు, రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘంలో కూర్చునే పెద్దలకు నాదొక విన్నపం. అణునౌక ఫైలు మీ ముందుకు వచ్చిన రోజున ఎన్ని టన్నులు, ఎన్ని విమానాలు అని అడిగాక ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. రెండో జత ప్రొపెల్లర్లు మొదటి జతతోపాటే పోయిస్తున్నారా? ప్రతి పంపు, ప్రతి వాల్వు డ్రాయింగు ప్రభుత్వం చేతికి వస్తుందా, ఏ ఊళ్లో ఏ గదిలో ఉంటుంది? వాటిని పోసే ఫౌండ్రీకి ఓడ కట్టడం అయిపోయాక కూడా ఏటా పని ఇస్తారా? ఆ పని నేర్చుకునే కుర్రవాళ్లను ఇప్పుడే తీసుకుంటున్నారా? మా షెడ్డులో నా తర్వాత ప్యాటర్న్ పని నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. నా స్కేలు ఇంట్లోనే ఉంది, వచ్చి నేర్చుకుంటానంటే ఎవరికైనా నేర్పుతాను.